వాడిన నూనె మళ్లీ వాడొచ్చా? బాణలి ఎంచుకోవడం నుంచి పారేయడం దాకా ఒక సమగ్ర మార్గదర్శి

వేయించగా మిగిలిన నూనెను ఎన్నిసార్లు వాడొచ్చని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. రెండుసార్లనో మూడుసార్లనో ఒక్క ముక్కలో చెప్పేస్తే అడిగినవారికి హాయిగానే ఉంటుంది గానీ, ఆ అంకె అందరికీ వర్తించదు. పొగ రాకుండా పావుగంటలో పని ముగించి, చల్లారగానే వడకట్టిన నూనె ఒక రకం. గంటసేపు పొగలు కక్కుతూ, అడుగున పిండి మాడుతూ కాగిన నూనె ఇంకో రకం. రెండోది వాడింది ఒక్కసారే అయినా మళ్లీ ముట్టుకోకూడదు.

నూనె ఎంత వేడెక్కింది, ఎంతసేపు కాగింది, అందులో ఎంత తడి చేరింది, ఎన్ని నలుసులు పడ్డాయి, గాలి ఎంత తగిలింది అన్నవి చూడాలి. వీటిలో చాలావరకు పొయ్యి వెలిగించకముందే మన చేతిలో ఉంటాయి. అందుకే ఇక్కడ తయారీకే ఎక్కువ చోటు ఇచ్చాను.

## 1. కాగే నూనెలో ఏం జరుగుతుంది

ఇది తెలిస్తే తర్వాతి జాగ్రత్తలు బట్టీ పట్టక్కర్లేదు, వాటంతట అవే గుర్తుంటాయి. మూడు మార్పులు ఒకేసారి నడుస్తుంటాయి.

తడి వల్ల: ముక్కల్లోని నీరు ఆవిరై పోతూ పోతూ నూనెలోని కొవ్వును కొంత విడగొడుతుంది. దాంతో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు, అంటే కొవ్వు నుంచి విడిపోయిన ఆమ్లాలు, పెరుగుతాయి. అవి పెరిగేకొద్దీ నూనె తక్కువ వేడికే పొగ వదలడం మొదలుపెడుతుంది. కొత్తగా ఉన్నప్పుడు 220 డిగ్రీల సెల్సియస్ దాటినా పొగ రాని రిఫైన్డ్ నూనె, బాగా వాడాక మామూలు వేయించే వేడికే పొగలు కక్కేది అందుకే.

గాలి వల్ల: ఆక్సిజన్ కలిసి ముందు పెరాక్సైడ్లు పుడతాయి. అవి వేడికి నిలవలేక విరిగిపోయి ఆల్డిహైడ్లుగా మారతాయి. కళ్లు మండించే, గొంతు గీరే అక్రోలిన్ అందులో ఒకటి. ఆక్సిజన్‌తో తేలిగ్గా కలిసే లినోలియిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉండే పొద్దుతిరుగుడు, సోయా, మొక్కజొన్న నూనెల నుంచి 4-హైడ్రాక్సీనోనెనాల్ అనే మరో ఆల్డిహైడ్ వస్తుంది. ఇది శరీరంలోని ప్రొటీన్లకు, డీఎన్ఏకు అతుక్కోగలదు. నూనెను కాపాడాల్సిన విటమిన్ ఇ ఈ క్రమంలో ముందుగా ఖర్చైపోతుంది.

వేడి వల్ల: విరిగిన కొవ్వు అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద అణువులవుతాయి, నూనె చిక్కబడుతుంది. బాణలి అంచున, నూనె మట్టం ఉన్నచోట, గోధుమరంగులో వలయంలా పేరుకునే జిగురు ఇదే. గోటితో గీకితే గట్టిగా, వేలికి అంటుకునేలా ఉంటుంది. పీచు పెట్టి తోమినా ఒక పట్టాన వదలదు.

ఈ చెడిన పదార్థాలన్నిటినీ కలిపి టోటల్ పోలార్ కాంపౌండ్స్ పేరుతో కొలుస్తారు. వాణిజ్య వంటశాలల్లో వేయించే నూనెకు చాలా దేశాలు 24 నుంచి 27 శాతం మధ్య ఎక్కడో ఒకచోట హద్దు గీశాయి. అది దాటితే ఆ నూనె పారేయాల్సిందే.

మళ్లీ మళ్లీ వేడిచేయడం ఎందుకు ఎక్కువ చెరుపు చేస్తుందంటే, నూనె చల్లారేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ అందులో ఎక్కువగా కరుగుతుంది. ఆ తర్వాత పుట్టిన పెరాక్సైడ్లు మళ్లీ పొయ్యెక్కించగానే విరుగుతాయి. అందుకే రెండు గంటలు ఏకబిగిన కాగిన నూనె కంటే, అదే రెండు గంటలు నాలుగు విడతల్లో కాగి చల్లారిన నూనె ఎక్కువగా పాడవుతుంది.

## 2. ఒంటికి ఏమవుతుంది

ఒక్కపూట తిన్నంత మాత్రాన ఎవరూ జబ్బుపడిపోరు. వారానికి నాలుగైదు రోజులు, ఏళ్ల తరబడి, అదే పాత నూనె ఒంట్లోకి వెళ్తుంటేనే భయపడాలి.

గుండె, రక్తనాళాలు: నాకు అన్నిటికంటే బలంగా కనిపించే సాక్ష్యం ఇక్కడే ఉంది. న్యూజిలాండ్‌లో 1999లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, వేయించడానికి వాడిన కొవ్వుతో చేసిన భోజనం తిన్న కొన్ని గంటలకు రక్తనాళాలు వ్యాకోచించే శక్తి తగ్గినట్టు తేలింది. స్పెయిన్‌లో 2003లో వెలువడిన మరో పరిశోధనలో, జనం ఇళ్లలో వాడుతున్న నూనెనే తీసుకెళ్లి పరీక్షించారు. నూనెలో పోలార్ పదార్థాలు ఎక్కువగా ఉన్నవారిలో అధిక రక్తపోటు ఎక్కువగా కనిపించింది. ఒకటి రెండోదానికి కారణమని దీంతోనే తేల్చలేం. కానీ పదే పదే కాచిన నూనె తినిపించిన ఎలుకల్లోనూ రక్తపోటు, రక్తనాళాల వాపు పెరిగాయి కాబట్టి తేలిగ్గా కొట్టిపారేయలేం.

కాలేయం, జీర్ణకోశం: బాగా చెడిన నూనెను పెద్ద మోతాదులో పెట్టిన జంతువుల్లో ఎదుగుదల తగ్గడం, కాలేయం పెరగడం, విరేచనాలు కనిపించాయి. ఆ మోతాదులు ఇంట్లో తినేవాటికంటే చాలా ఎక్కువ. ఇంట్లో ముందుగా తెలిసేది కడుపు బరువు, పులితేన్పులు, వికారం.

క్యాన్సర్: అధిక వేడి మీద వేయించేటప్పుడు వచ్చే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే 2ఎ వర్గంలో చేర్చింది. అక్రోలిన్ కూడా అదే వర్గంలో ఉంది. అంటే పొయ్యి దగ్గర నిలబడి వండేవారికి, తినేవారికి లేని ముప్పు అదనంగా ఉంది. ఇంట్లో అందరి ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ మనిషినే మరిచిపోతుంటాం. బంగాళదుంపలాంటి పిండిపదార్థాలు ఎక్కువ వేడికి ముదురు రంగు తిరిగినప్పుడు పుట్టే అక్రిలమైడ్ కూడా 2ఎ వర్గంలోదే. అయితే దానికి నూనె పాతదా కొత్తదా అన్నదానికంటే వేడి, రంగు ముఖ్యం.

ట్రాన్స్‌ఫ్యాట్: పాత నూనె మొత్తం ట్రాన్స్‌ఫ్యాట్‌గా మారిపోతుందన్న ప్రచారం చాలా ఉంది. మామూలు వేయించే వేడిలో పుట్టే ట్రాన్స్‌ఫ్యాట్ తక్కువే. దాని అసలు నెలవు పాక్షికంగా హైడ్రోజనీకరించిన కొవ్వులు, అంటే హైడ్రోజన్ చేర్చి గట్టిపరిచిన నూనెలు. పాత నూనె విషయంలో మన దృష్టి ఆల్డిహైడ్లు, జిగురు పదార్థాల మీద ఉండాలి.

ఇంకొకటి: చిక్కబడ్డ నూనె ముక్కల నుంచి సరిగ్గా కారిపోదు. అదే ముక్క పాత నూనెలో వేయిస్తే ఎక్కువ నూనె పట్టుకుంటుంది. నూనె గ్రాముకు 9 కేలరీలు ఎటూ ఉన్నాయి, పైగా చెడిన నూనెనే ఎక్కువగా తింటాం.

## 3. పొయ్యి వెలిగించకముందు

### 3.1 మిగలనంత తక్కువ పోయండి

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క అలవాటు మాత్రమే మార్చుకుంటానంటే, ఇదే మార్చుకోమంటాను. నూనె ఎక్కువగా మిగిలితేనే పారేయడానికి మనసొప్పదు, మనసొప్పకే మళ్లీ వాడతాం.

వెడల్పాటి బాణలి వద్దు. చిన్నదై, లోతుగా ఉండే గిన్నె తీసుకోండి. ముక్క తేలేంత లోతుకు అందులో సగం నూనే చాలు. పైగా గాలి తగిలే మేర తగ్గుతుంది కాబట్టి నూనె నెమ్మదిగా చెడుతుంది. ఎక్కువ విడతలు వేయాల్సివస్తుంది, నిజమే. ఆ పది నిమిషాల ఓపికకు తగిన ఫలితం ఉంటుంది.

నూనె ఏనాడూ గిన్నెలో సగం దాటకూడదు. ముక్కలు వేయగానే పొంగుతుంది. ముక్క మునగాల్సిన అవసరం లేని వంటలైతే పెనం మీద కొద్దిపాటి నూనెతో రెండు వైపులా కాల్చండి. మిగిలే నూనె సమస్యే ఉండదు.

### 3.2 నూనె ఎంపిక

మునిగేలా వేయించడానికి, తేలిగ్గా చెడని ఒలీయిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉండే నూనెలు, అంటే వేరుశెనగ, రిఫైన్డ్ ఆలివ్, ‘హై ఒలీయిక్’ అని రాసి ఉండే పొద్దుతిరుగుడు లాంటివి, మామూలు పొద్దుతిరుగుడు, సోయా నూనెల కంటే వేడిని బాగా తట్టుకుంటాయి. అవిసె గింజల నూనెను అసలు వేయించడానికి వాడకండి.

పామాయిల్, కొబ్బరినూనె నెమ్మదిగా చెడతాయి. కానీ వాటిలో సంతృప్త కొవ్వు ఎక్కువ. రోజువారీ వాడకానికి అది వేరే సమస్య.

పొగ ఏ వేడికి వస్తుందన్న అంకె ఒక్కటే చూసి నూనె కొనకండి. ఎక్కువ వేడికి పొగ రాని నూనె కూడా లోపల ఆక్సీకరణ చెందుతూనే ఉండొచ్చు.

### 3.3 పాత్ర, పరికరాలు

స్టీలు పాత్ర మంచిది. రాగి, ఇత్తడి పాత్రల్లో వేయించొద్దు. రాగి అణువంత కలిసినా నూనె ఆక్సీకరణ వేగం పుంజుకుంటుంది. ఇనుము కూడా అంతో ఇంతో అదే పని చేస్తుంది. ఇనుప బాణలే ఉంటే తుప్పు లేకుండా, బాగా నూనె పట్టి నల్లగా నునుపుదేలినది వాడండి.

పాత్రకు ఇదివరకటి జిగురు వలయం అంటుకుని ఉంటే ముందు దాన్ని తోమేయండి. ఆ జిగురు కొత్త నూనెను కూడా తొందరగా చెడగొడుతుంది. సబ్బు మిగలకుండా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

### 3.4 ముక్కల తయారీ

- కడిగిన ముక్కలను గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా అద్దండి. చిటపటలు తగ్గడమే కాదు, నూనె విడిపోవడం కూడా తగ్గుతుంది.
- ఫ్రీజర్ నుంచి తీసినవైతే అంటుకున్న మంచు పొడిని దులిపేయండి.
- ఉప్పు వేయించాక చల్లండి. ముందే చల్లితే ముక్క నీరొదులుతుంది, ఆ ఉప్పూ నూనెలో పడుతుంది.
- పొడిపిండి అద్దినవైతే ఎక్కువైన పిండి రాలేలా చేతిలో తట్టండి. బాణలి అడుగున మాడేది ఈ పిండే.
- జారుపిండిలో ముంచినవైతే అంచుకు ఆనించి కారనిచ్చి, తర్వాత నూనెలో వదలండి.

### 3.5 ఏది ముందు, ఏది వెనుక

ఒకే నూనెలో రెండు మూడు రకాలు వేయించాలంటే ముందు కూరగాయ ముక్కలు, తర్వాత పిండి పూసినవి, చివర్లో మాంసం, చేప. ఈ క్రమం తిరగబడితే వాసన అన్నిటికీ అంటుకుంటుంది, మాడిన నలుసులు మొదటినుంచీ నూనెలోనే తిరుగుతాయి. చేప వేయించిన నూనెను దాచుకోవద్దనే నా సలహా.

మొదలుపెట్టేముందు సరిచూసుకోండి:

- గిన్నె చిన్నది, లోతైనది, తడి లేనిది
- నూనె సగానికి తక్కువ
- ముక్కలు పొడిగా, ఒకే పరిమాణంలో
- జల్లిగరిటె, థర్మామీటరు చేతికందే దూరంలో
- గిన్నెకు సరిపోయే మూత పక్కనే
- కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి
- వడకట్టడానికి గుడ్డ, పొడి గాజుసీసా సిద్ధంగా

## 4. వేయించేటప్పుడు

మొదటి మెట్టు: మధ్యస్థమైన మంట. పెద్ద మంట పెట్టి త్వరగా కాచాలని చూస్తే అడుగు నూనె పై నూనెకంటే ముందే మితిమీరి వేడెక్కుతుంది.

రెండో మెట్టు: వేడి కొలవడం. 160 నుంచి 175 డిగ్రీల మధ్య దాదాపు అన్నీ చక్కగా వేగుతాయి. వంట థర్మామీటరు కొనడం ఈ పనిలో అన్నిటికంటే మంచి ఖర్చు. అది లేకపోతే పొడిగా ఉన్న చెక్కగరిటె కాడను నూనెలో ముంచి చూడండి. చుట్టూ సన్నని బుడగలు నిలకడగా వస్తే నూనె సిద్ధమైనట్టు. భగ్గున పొంగితే ఎక్కువైనట్టు, మంట తగ్గించండి. నూనె కాగిందో లేదో తెలుసుకోవడానికి పొగ వచ్చేదాకా ఆగడం చాలామంది అలవాటు. పొగ కనిపించేసరికే నూనె చెడటం మొదలైపోయింది.

మూడో మెట్టు: కొద్దికొద్దిగా వేయడం. ఒకేసారి గిన్నె నిండా వేస్తే వేడి అమాంతం పడిపోతుంది. ముక్కలు వేగకుండా నూనె పీలుస్తాయి, మీరు మంట పెంచుతారు, ముక్కలు తీయగానే ఆ వేడంతా నూనె మీద పడుతుంది. పైన సగం జాగా ఖాళీగా కనిపించేంత మాత్రమే వేయండి.

నాలుగో మెట్టు: విడత విడతకూ నలుసులు తీయడం. ఈ పని వాయిదా వేయకండి. నలుసు మొదట బంగారురంగులో తేలుతుంది, తర్వాత ఎర్రబడి మునుగుతుంది, ఆ తర్వాత నల్లగా మాడి తర్వాతి ముక్కలకు మచ్చల్లా అంటుకుంటుంది. తేలుతున్నప్పుడే సన్నకన్నాల జల్లిగరిటెతో ఒక చుట్టు తిప్పి తీసేస్తే పని సులువు. మునిగాక వెతకడం కష్టం.

ఐదో మెట్టు: లేత బంగారురంగు రాగానే దించేయడం. ముఖ్యంగా బంగాళదుంపను ముదురు గోధుమరంగు దాకా తీసుకెళ్లొద్దు.

ఆరో మెట్టు: ఖాళీ నూనెను కాగనివ్వకపోవడం. విడతకూ విడతకూ మధ్య ఫోనొచ్చిందంటే పొయ్యి కట్టేయండి. చివరి ముక్క తీసిన మరుక్షణం కూడా అంతే. ముక్కలు లేని నూనె చాలా తొందరగా వేడెక్కుతుంది.

### పొగ వచ్చిందంటే

పొయ్యి కట్టేయండి, గిన్నెను కదపకండి. కిటికీలు తెరిచి పక్కకు జరగండి. ఆ నూనెతో పని ముగించుకోవచ్చేమో గానీ, దాచుకోవడానికి మాత్రం అది పనికిరాదు.

మంటే అంటుకుంటే నీళ్లు పోయకండి. నీరు ఒక్కసారిగా ఆవిరై సుమారు 1,600 రెట్లు పెరిగి, మండే నూనెను గదంతా చిమ్ముతుంది. చేయి పెట్టగలిగితే పొయ్యి కట్టేసి, మూత పక్కనుంచి జరుపుతూ కప్పేయండి. పూర్తిగా చల్లారేదాకా మూత తీయొద్దు. మంట పెద్దదైతే ఇంట్లోవారితో సహా బయటకు వెళ్లి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

## 5. వేయించడం అయ్యాక

1. గిన్నెను పొయ్యి మీద నుంచి కదపకుండా చల్లారనివ్వండి. దుమ్ము పడకుండా జల్లెడ మూత వేయండి. గట్టి మూతైతే ఆవిరి నీరై నూనెలోకే కారుతుంది.
2. గోరువెచ్చగా ఉన్నప్పుడే వడకట్టండి. పూర్తిగా చల్లారితే నూనె చిక్కబడి గుడ్డలోంచి త్వరగా దిగదు, మరీ వేడిగా ఉంటే ఒళ్లు కాలుతుంది. రాత్రంతా అలాగే వదిలేస్తే నలుసులు నూనెలో నాని దాన్ని చెడగొడతాయి.
3. ముందు టీ జల్లెడ, తర్వాత మడతపెట్టిన పలచని నూలుగుడ్డ లేదా కాఫీ ఫిల్టర్ కాగితం. అడుగున మిగిలే మడ్డిని వంపకండి. రెండు చెంచాల నూనె పోతే పోనివ్వండి.
4. పొడిగా, శుభ్రంగా ఉన్న చిన్న గాజుసీసాలో, మూతికి దగ్గరగా నింపండి. పైన ఖాళీ ఎంత తక్కువుంటే గాలి అంత తక్కువ.
5. సీసా మీద తేదీ, అందులో ఏం వేయించారో రాయండి. ‘గుర్తుంటుందిలే’ అనుకుంటాం, ఉండదు.
6. ఫ్రిజ్‌లో పెట్టండి. మసకబారినా, గడ్డకట్టినట్టు కనిపించినా కంగారు లేదు, బయటపెడితే మామూలైపోతుంది.

ఫ్రిజ్ ఎందుకంటే, వెలుతురు, వెచ్చదనం రెండూ నూనెను చెడగొడతాయి. పైగా తేమ ఉన్న ఆహారపు నలుసులు గాలి అందని నూనె అడుగున, గది వేడిలో రోజుల తరబడి ఉంటే బొటులిజం అనే, నరాలను చచ్చుబడేసే విషాహార జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరిగే వీలుంది. అరుదే, కానీ ప్రాణాంతకం.

## 6. రెండోసారి ఎలా వాడాలి

ఇంటి వంటకు నేను పెట్టుకోమనే హద్దు ఇది: మంచి స్థితిలో ఉన్న నూనెను ఒక్కసారి, రెండు రోజుల్లోపు, కూరల్లో కొద్దికొద్దిగా వాడేసి ముగించండి. మళ్లీ మునిగేలా వేయించడానికి వద్దు. సన్నని మంట మీద కూరముక్కలు మగ్గించేటప్పుడు నీరు, ముక్కలు ఉంటాయి కాబట్టి వేడి అంతగా పెరగదు. అలా వాడేశాక మళ్లీ మిగలడమనే ప్రశ్నే రాదు.

వాణిజ్య వంటశాలల్లో ఒకే నూనెను ఎక్కువసేపు వాడతారు కదా అని అడుగుతారు. పద్ధతిగా నడిచేచోట పోలార్ పదార్థాలను మీటరుతో కొలుస్తారు, రోజూ వడకడతారు, వేడిని యంత్రం అదుపులో ఉంచుతుంది. ఆ కొలత లేని ఇంట్లో జాగ్రత్త పక్షానే ఉండాలి.

వాడేముందు చిన్న చెంచాడు వేడిచేసి వాసన చూడండి. ఏమాత్రం అనుమానం వచ్చినా పారేయండి.

## 7. ఎప్పుడు పారేయాలి

వీటిలో ఒక్కటి కనిపించినా చాలు:

- మామూలు వేయించే వేడికే పొగ రావడం
- చేప వాసన, పాత రంగు డబ్బా వాసన, కనరు వాసన
- నాలుక మీద చేదు, గొంతులో గీర
- చల్లారాక వేళ్ల మధ్య జిగటగా సాగడం
- వడకట్టినా నల్లగా, మసకగా ఉండటం
- ముక్కలు లోపల వేగకముందే బయట ముదురు రంగు తిరగడం
- నురగ అణగకపోవడం

నురగ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మంచి నూనెలో ముక్క వేస్తే బుడగలు పెద్దవిగా, చురుగ్గా లేచి, గిన్నె అంచుకు చేరేలోపే పగిలిపోతాయి. ముక్క తీయగానే నూనె మట్టం అద్దంలా తేరుకుంటుంది. చెడిన నూనెలో బుడగలు సన్నగా, పసుపు ఛాయలో పేరుకుపోయి, ముక్క తీసేశాక కూడా అంచున నిలిచే ఉంటాయి. ఒకసారి ఈ తేడా పరిశీలనగా చూస్తే మళ్లీ పొరబడరు.

రంగు ఒక్కటే నమ్ముకోవద్దు. మసాలా పట్టించిన ముక్కలు కొత్త నూనెను కూడా ఎర్రగా మారుస్తాయి. తెల్లని ముక్కలే వేయించిన నూనె లేతగా కనిపిస్తూనే లోపల చెడి ఉండొచ్చు. ఈ గుర్తులేవీ లేకపోయినా, సీసా మీద రాసిన తేదీ నుంచి రెండు రోజులు దాటిందంటే పారేయండి.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

పాత నూనెలో కొత్తది కలపడం. అంతటా ఉన్న అలవాటిది. పాతదానిలోని పెరాక్సైడ్లు, ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు కొత్త నూనెను కూడా వెంటనే పాడుచేయడం మొదలుపెడతాయి. చివరికి అంతా పాత నూనే అవుతుంది. పాతది కూరలో వాడేయండి, వేయించడానికి కొత్తది కొద్దిగా పోసుకోండి.

వడకడితే బాగైపోతుందనుకోవడం. గుడ్డ నలుసులను ఆపుతుంది. నూనెలో కరిగిన ఆల్డిహైడ్లు, పోలార్ పదార్థాలు దర్జాగా కిందికి దిగిపోతాయి. వడకట్టడం వల్ల మున్ముందు జరిగే చెరుపు తగ్గుతుంది, జరిగిపోయింది వెనక్కి రాదు.

బంగాళదుంప ముక్క, నిమ్మచెక్క వేసి ‘శుద్ధి’ చేయడం. వాసన కాస్త తగ్గొచ్చు. దాంతో చెడిన నూనెను పసిగట్టే గుర్తు కూడా పోతుంది, కాబట్టి చేయకపోవడమే మేలు. పైగా వాటిలోని తడి నూనెకు చేటు.

పొయ్యి పక్కనే తెరిచిన గిన్నెలో ఉంచడం. వేడి, వెలుతురు, గాలి, ఆవిరి అన్నీ ఒకేచోట దొరుకుతాయి. మూత ఉన్న సీసాలోకి మార్చండి.

రెండు మూడు రకాల నూనెలు ఒకే సీసాలో పోయడం. ఏది ఎప్పటిదో తెలియదు. అందులో అన్నిటికంటే పాతది ఎప్పటిదో, మొత్తం సీసా వయసు అంతేనని లెక్కేసుకోండి.

మాంసం వేగలేదని మంట పెంచడం. ముక్క మందంగా ఉండటమే అసలు కారణం. చిన్నగా కోయండి, లేదా ముందే ఆవిరి మీద ఉడికించి, తడి అద్ది, రంగు కోసం మాత్రమే నూనెలో వేయండి. నూనె పొయ్యి మీద ఉండే సమయం బాగా తగ్గుతుంది.

## 9. ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి

ఆహార అలర్జీ ఉన్నవారికి వాడిన నూనె విడిగా ఒక ప్రమాదం. చేప, రొయ్య, వేరుశెనగ, గుడ్డు, గోధుమ వేయించిన నూనెలో వాటి ప్రొటీన్లు మిగులుతాయి, వడకట్టినా పోవు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారికి గోధుమపిండి వేయించిన నూనెలో మరేది వేయించినా ముప్పే. అలాంటివారు ఇంట్లో ఉంటే వాడిన నూనె వారి వంటలోకి రానేకూడదు.

గుండెజబ్బు, రక్తపోటు, కాలేయ సమస్యలు ఉన్నవారికీ, చిన్నపిల్లలకూ కొత్త నూనెతోనే వండండి. ఉబ్బసం ఉన్నవారు పొయ్యి దగ్గర పొగ పీల్చకుండా చూడండి.

బయట తినేటప్పుడు నూనెను చూసే అవకాశం ఉండదు. అయినా వాసన, గొంతులో గీర, చేతికి అంటుకునే జిడ్డు తెలిసిపోతాయి. నోట్లో పెట్టుకున్న మొదటి ముక్కే చేదుగా ఉంటే మొహమాటపడి పూర్తిచేయక్కర్లేదు.

## 10. పారేసే పద్ధతి

సింకులో పోయకండి. చల్లబడ్డాక నూనె గొట్టాల గోడలకు పట్టి, ఇతర చెత్తను పోగుచేసుకుని గడ్డకడుతుంది. వేడినీళ్లు, సబ్బు పోస్తే ఇంకాస్త దూరం వెళ్లి అక్కడ గడ్డకడుతుంది, అంతే. మొక్కల మొదళ్లలో పోసినా మట్టి రేణువులకు పొరలా పట్టి నీరు, గాలి ఇంకనివ్వదు. పశువులకు, పెంపుడు జంతువులకు పెట్టొద్దు.

- కొద్దిగా ఉంటే పాత కాగితాలతోనో రంపపు పొట్టుతోనో పీల్చనిచ్చి, సంచిలో కట్టి చెత్తలో వేయండి.
- ఎక్కువగా ఉంటే పూర్తిగా చల్లార్చి, మూత బిగుతుగా ఉండే పాత సీసాలో పోగుచేయండి. దాని మీద ‘వాడిన నూనె’ అని పెద్దగా రాసి, వంట నూనెల పక్కన కాకుండా వేరేచోట ఉంచండి.
- గిన్నెను కడిగేముందు కాగితంతో తుడిచేయండి. సింకులోకి వెళ్లే నూనె చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది.
- నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి వేడిచోట పడేయకండి. లోలోపల ఆక్సీకరణ వల్ల వేడి పేరుకుని అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి, గాలి తగిలేలా ఆరేయండి.

వాడిన వంటనూనెతో బయోడీజిల్, సబ్బు తయారవుతాయి. మీ దగ్గర సేకరణ కేంద్రం ఉంటే పోగుచేసిన సీసా అక్కడ ఇవ్వండి. ఇచ్చేముందు వడకట్టండి, నీళ్లు గానీ ఇంజిన్ ఆయిల్ గానీ అందులో కలవనివ్వకండి.